పూణేలో ఉన్న మా బుజ్జికి

పర్లాకిమిడి,
సోమవారం రాత్రి

బుజ్జీ,

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. వానలు మొదలయ్యేసరికి నాన్నగారి మోకాలు మళ్ళీ పట్టేసింది. ఇవన్నీ ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు "ఆ, తిన్నానమ్మా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

మొన్న టెక్కలి పిన్ని వచ్చింది. పలాస జీడిపప్పు తెచ్చింది, నీ వాటా దాచాను. మాటల్లో అంది, ఈస్టరు దగ్గర్నుంచి నువ్వు తెలుగు ఆరాధనలో కనపడలేదని వాళ్ళబ్బాయి చెప్పాడట. "వాడికి పనెక్కువ" అన్నాను. నాన్నగారికి ఇంకా చెప్పలేదు.

సరే, అది వదిలెయ్యి. నీళ్ళు కాచుకు తాగుతున్నావా? రాత్రి పన్నెండింటికి బయట తిండి మానేశావా? తలకి నూనె పెట్టుకో, కిందటిసారి పాపిడి దగ్గర పల్చబడింది.

ఆదివారం కూడా పని ఉంటుందా మీకు?

నువ్వు మహేంద్రతనయ ఏట్లో బాప్తిస్మం తీసుకున్న రోజు నీళ్ళు మింగేసి ఒకటే దగ్గు. మామ్మ తువ్వాలు పట్టుకుని చీరతోనే నీళ్ళలోకి దిగిపోయింది. మన సంఘంలో పసిపిల్లలకి ఇవ్వరు కదా. పదహారేళ్ళప్పుడు నీ అంతట నువ్వే పాస్టరుగారి దగ్గరికెళ్ళి అడిగావు. నేను పంపలేదు, నాన్నగారూ పంపలేదు. ఈ మధ్య పనిలో ఉండగా అదే గుర్తొస్తోంది.

మామ్మ సంగతి ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. 2018 అక్టోబరు 11, తిత్లీ తుఫాను. నువ్వు విశాఖలో ఉన్నావు, ఫోన్లు లేవు. పెంకులు ఎగిరిపోయాయి, కొబ్బరిచెట్టు వంటింటి మీద పడింది. బియ్యం బస్తా తడిసి ముద్దయింది. పైన అటక మీద మిగిలినవి నాలుగు కిలోలు. కరెంటు లేదు, కొట్లు తెరవలేదు. ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టాను. ఎసట్లో బియ్యం వేసే ముందు మామ్మ ఎప్పటిలాగే వచ్చి, గుప్పిట నింపి, గుడికని తన డాల్డా డబ్బాలో పొయ్యబోయింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. "అత్తయ్యా, ఉన్నవి మనకే చాలవు" అని ఆ గుప్పిట విప్పి బియ్యం వెనక్కి పోసేసుకున్నాను బాబూ. అరచేతికి ఐదారు గింజలు అంటుకుని ఉండిపోయాయి. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ గింజలు ఒక్కోటీ గిల్లి డబ్బాలో వేసుకుంది. ఆ రాత్రి తన కంచంలో అన్నం సగం తీసేసి, "రేపట్నుంచి నా వంతులోది తియ్యి" అంది. అలాగే తీసింది, పూటకో పిడికెడు.

ఆదివారం గుడికెళ్తే సగం కప్పు లేదు. కొండల్లో మట్టిపెళ్ళలు విరిగిపడి జనం పోయారని అప్పటికే తెలిసింది. అటునుంచి దిగొచ్చిన సవర కుటుంబాలు వరండాలో కూర్చుని ఉన్నాయి. ఆడవాళ్ళందరూ తెచ్చిన బియ్యం గోనెపట్టా మీద పోసి, అక్కడే పెద్ద గుండిగతో వండారు. మామ్మ డబ్బాలోవి కొలిస్తే సోలెడు కూడా రావు. నేను వడ్డించాను. తలెత్తి ఆవిడ వంక చూడలేకపోయాను. మరుసటి ఏడాది ఆవిడ వెళ్ళిపోయింది. క్షమించమని అడగనేలేదు.

ఆ డబ్బా ఇప్పుడు నా దగ్గరుంది. ఒక్కోరోజు హడావుడిలో మర్చిపోయి, ఎసట్లో పోశాక గుర్తొస్తే సంచిలోంచి మళ్ళీ తీస్తాను.

ఉపదేశం చెయ్యకూడదనుకుంటూనే ఈ ఒక్కటీ రాస్తున్నాను. బైబిల్లో తిమోతి ఉన్నాడు కదా, అతని తండ్రి గ్రీకువాడు. అతనికి విశ్వాసం అవ్వ లోయి నుంచి, తల్లి యునీకే నుంచి వచ్చింది. మన పురుషోత్తమ చౌదరిగారు పర్లాకిమిడి దగ్గరే పుట్టారు, బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. తాతముత్తాతలది కాని మార్గాన్ని తానే వెతుక్కుని 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన తెలుగులో రాసిన కీర్తనలే మామ్మ పాడేది. ఈ ఊరు 1936లో ఒడిశాలో కలిసి, బడిలో ఒడియా నేర్చుకున్నా ఆవిడ ప్రార్థన తెలుగులోనే సాగింది. ఎటునుంచి వచ్చినా ఎవరికి వాళ్ళు పట్టుకోవలసిందే నాన్నా. నీకు సందేహాలుంటే అడుగు. చౌదరిగారు మాత్రం అడక్కుండానే వచ్చారా? నాకు జవాబు తెలియకపోతే పాస్టరుగారిని అడుగుతాను. సందేహానికి నేను భయపడను. నువ్వు నాతో చెప్పకుండా ఊరుకుంటేనే నాకు నిద్ర పట్టదు. పడుకునే ముందు ఒక్క అధ్యాయం చదువు, ఐదు నిమిషాలు పట్టదు. అదిగో, మళ్ళీ మొదలెట్టాను.

గుణుపురం బాబాయి వచ్చే వారం పూణే వస్తున్నాడు. ఆవకాయ, జీడిపప్పు, రెండు దుప్పట్లు పంపుతున్నాను. ఆవకాయలోకి తడి గరిటె పెట్టకు. మామ్మ పెద్దక్షరాల బైబిలు మాత్రం పంపను, క్రిస్మస్‌కి వచ్చి నువ్వే తీసుకెళ్ళు.

పిన్ని మాట నిజమా కాదా అని నేను అడగను, నువ్వే చెప్పు. ఆదివారం మన ఆరాధన పదకొండున్నరకి అయిపోతుంది. ఆ తర్వాత ఫోను చెయ్యి. నాన్నగారు స్కూటరు తీసేలోపు నేను గేటు దగ్గర ఒక్కదాన్నే ఉంటాను.

మీ అమ్మ