ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉంది? నగర కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారాలు. మా కాలనీ పార్కు మూలనున్న వయోవృద్ధుల కేంద్రం గురించి మీకు కొత్తగా చెప్పవలసింది లేదు. స్థలం మీది, భవనం మీది, కరెంటు మీటరు మీ పేరు మీదే ఉంది. మా అర్జీలన్నీ కూడా మీ దగ్గరే భద్రంగా ఉన్నాయి. కాబట్టి పూర్వాపరాలు వదిలేసి విషయానికి వస్తాను. మా కేంద్రంలో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. ఆ తాళం ఎవరు వేయించారో, చెవి ఎవరి దగ్గర ఉందో, ఎప్పుడు తీస్తారో చెప్పగలిగిన మనిషి మీ యంత్రాంగంలో మాకు ఇంతవరకు దొరకలేదు.

ఇంత చిన్న సంగతికి కమిషనర్‌కు బహిరంగ లేఖా అని మీ పేషీలో ఎవరైనా నవ్వవచ్చు. అలా నవ్వేవారికి అరవై దాటి ఉండవు.

మా దగ్గరకు వచ్చేవారిలో పోర్టులో, షిప్‌యార్డులో, స్టీల్‌ప్లాంటులో, రైల్వేలో చేసి దిగినవాళ్ళున్నారు. బడిపంతుళ్ళున్నారు. జీతం లేకుండా జీవితమంతా ఇంటి చాకిరీ చేసిన ఆడవాళ్ళున్నారు. చాలామందికి చక్కెర వ్యాధి. డెబ్బై దాటిన మగవాళ్ళకు ప్రోస్టేటు బాధ మామూలే. రక్తపోటుకు డాక్టరు రాసే మందుల్లో తరచుగా ఒక నీళ్ళ మాత్ర ఉంటుంది. అది వేసుకున్నాక కొన్ని గంటలపాటు మనిషి మరుగుదొడ్డికి దూరంగా ఉండలేడు. షిప్‌యార్డులో వెల్డరుగా చేసిన మా మిత్రుడొకరు కేంద్రానికి వచ్చే రోజున ఆ మాత్ర మానేయడం మొదలుపెట్టారు. పాదాలు పొంగి, ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చాక గానీ ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. చదరంగం పిచ్చితో మనిషిని చంపేసేవారని ఆయన కొడుకు మా మీద విరుచుకుపడ్డాడు. ఆ కోపం చేరవలసిన చిరునామా వేరు. మేమే తల వంచుకుని విన్నాం.

ఆడవాళ్ళ సంగతి చెప్పడానికి కూడా మొహమాటంగా ఉంది. మొదట వాళ్ళు ఇంటి దగ్గర మంచినీళ్ళు తాగకుండా రావడం మొదలుపెట్టారు. విశాఖ వేసవి ఉక్కపోత సంగతి మీకు తెలుసు, ఏసీ కారు దిగి గది దాకా నడిచే ఆ నాలుగడుగుల్లోనే చొక్కా తడిసిపోతుంది. ఆ ఉక్కలో నీళ్ళు తాగకుండా కూర్చుని విష్ణు సహస్రనామం చదివేవారు. ఇద్దరు ముగ్గురికి మూత్రంలో మంట, జ్వరాలు వచ్చాయి. తర్వాత ఒకరొకరే మానేశారు. ఇప్పుడు ఆడవాళ్ళ వైపు గది ఖాళీ. కోడలి ఇంట్లో రోజంతా ఒక గదిలో టీవీ ముందు కూర్చోలేక మా దగ్గరకు వచ్చి నవ్వుతూ ఉండే మనుషులు వాళ్ళు. మీ అధికారులు ఇచ్చిన నివేదికలో మాత్రం ‘మహిళా సభ్యుల హాజరు తక్కువ’ అని ఉందట. ఎందుకు తక్కువో అడిగిన పాపాన పోలేదు.

మగవాళ్ళం గోడ వెనక్కి వెళ్తున్నాం. దాచడం దేనికి? ఉన్న మాట రాస్తున్నాను. పక్క అపార్టుమెంటు వాళ్ళు చూసి ఫిర్యాదు చేశారు. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ పిల్లలు ఆడుకునే చోటు అది. చిత్రమేమిటంటే ఆ ఫిర్యాదు మీద మీ సిబ్బంది వెంటనే కదిలారు. శానిటేషన్ వాళ్ళు జీపులో దిగి, బహిరంగ మూత్ర విసర్జనకు జరిమానా వేస్తామని డెబ్బై ఎనిమిదేళ్ళ రిటైర్డు హెడ్‌మాస్టరును నలుగురిలో నిలబెట్టి హెచ్చరించి వెళ్ళారు. ఆయన తాళం వేసిన గేటు వైపు చెయ్యి చూపిస్తే, ‘అది మా విభాగం కాదు’ అన్నారు. హెడ్‌మాస్టరు గారు ఆ తర్వాత కేంద్రానికి రాలేదు. వెళ్ళి పిలిచినా రాలేదు.

ఇంతకీ ఆ తాళం వెనక ఏముంది? రెండు గదులున్నాయి. ఒకదాంట్లో కమోడ్ పగిలింది, బయట భూగర్భ డ్రైనేజీకి కలిపే గొట్టం దగ్గర ఎవరో తవ్వి, సరిగా పూడ్చకుండా వెళ్ళారు. రెండోది నిక్షేపంలా ఉంది. రెండింటికీ కలిపి ఒకటే ఇనుప గేటు, మరమ్మతు పేరుతో దానికి ఒకటే తాళం. మీరు నమ్మకపోవచ్చు గానీ, మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళలో మా హాలును ఒక పెద్దమనిషి వేడుకకు ఇచ్చారు. ఆ రోజు పొద్దున్నే గేటు తెరిచి ఉంది. ఫినాయిలు వాసన పార్కు దాకా వచ్చింది. సబ్బు కూడా పెట్టారు! మర్నాడు మేము సంబరంగా వెళ్ళేసరికి యథాప్రకారం తాళం. అంటే చెవి ఉంది, అది ఎక్కడుందో తెలిసిన మనిషీ ఉన్నాడు, తీయడానికి అడ్డమూ లేదు. అడిగేది ఎవరన్నదే తేడా.

నేను పోర్టులో లెక్కల విభాగంలో చేసి రిటైరైనవాడిని. ఫైలు నడక నాకు తెలియనిది కాదు. మా అర్జీ మొదట ఇంజనీరింగు వారి దగ్గరకు వెళ్ళింది. ఎస్టిమేటు వేశాం, కానీ భవనం పార్కులో ఉంది కాబట్టి పార్కుల వారు నిధులు చూపాలన్నారు. పార్కుల వారు మాకు మొక్కలూ నీళ్ళూ తప్ప కట్టడాలతో పని లేదన్నారు. వృద్ధుల కార్యక్రమాలు సామాజికాభివృద్ధి విభాగానివి కదా అంటే, కార్యక్రమాలు మావే, గోడలు మావి కావన్నారు. హాలు అద్దె వసూలు చేసేది రెవెన్యూ వారు. ఆ అద్దెలోంచి కమోడ్ కొనవచ్చు కదా అని అడిగాను. అద్దె సాధారణ ఖాతాకు జమ అవుతుందని, అందులోంచి మరమ్మతుకు ఖర్చు పెట్టే పద్దు లేదని చెప్పారు. వసూలుకు పద్దు ఉంది, ఖర్చుకు లేదు. ముప్పై ఏళ్ళు పైబడి లెక్కలు రాసినవాడికి ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

తనిఖీలు లేవని మాత్రం అనను. మా కేంద్రానికి ఉన్నంత పర్యవేక్షణ ఆ చుట్టుపక్కల మరే భవనానికీ లేదు. తనిఖీ పుస్తకం ఒకటి ఉంది, తిరగేసి చూడండి. ‘కేంద్రమును సందర్శించితిని. సభ్యులతో మాట్లాడితిని. సంతృప్తికరము.’ సంతకం, తేదీ. ఆ కిందే మరో చేతిరాతలో అదే మాట. ఒకాయన ఇంకొంచెం వివరంగా ‘త్రాగునీరు కలదు, విద్యుత్తు కలదు, మరుగుదొడ్డి కలదు’ అని రాశారు. అబద్ధం కాదు. కలదు. సింహాద్రి అప్పన్న నిజరూపం కూడా కలదు, చందనోత్సవం రోజున మాత్రమే దర్శనమిస్తుంది. ఆయన సంవత్సరానికి ఒకసారైనా తప్పకుండా కనిపిస్తాడు, మా మరుగుదొడ్డికి ఆ హామీ కూడా లేదు.

సోమవారం అర్జీల కార్యక్రమానికీ వెళ్ళాం. అది ‘స్పందన’గా ఉన్నప్పుడూ వెళ్ళాం, ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’ అయ్యాకా వెళ్ళాం. రసీదు ఇస్తారు, మర్యాదగా మాట్లాడతారు, కూర్చోబెడతారు కూడా. కొన్నాళ్ళకు ఫోనుకు సందేశం వస్తుంది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఒకసారి పరిష్కారానికి సాక్ష్యంగా ఫొటో జతచేశారు. అందులో నీలం తలుపున్న చక్కటి మరుగుదొడ్డి ఉంది. మాది పచ్చ రంగు ఇనుప గేటు. ఆ నీలం తలుపు ఎక్కడిదో తెలిస్తే కనీసం అక్కడికైనా వెళ్దామని మావాళ్ళు అన్నారు.

మేమే బాగుచేసుకోకూడదా అని మీరు అడగవచ్చు. బాగుచేసుకున్నవాళ్ళమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా రేకులన్నీ ఎగరగొట్టింది. నగరంలో చెట్టు మిగలని రోజులవి, కరెంటు లేదు, నీళ్ళు లేవు. అప్పుడు సభ్యులం పింఛన్లలోంచి చందాలు వేసుకుని, మేస్త్రీని పిలిచి, కొత్త రేకులు వేయించుకున్నాం. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరూ అడ్డుపడలేదు. 2012 నుంచి 2021 వరకు నగరానికి పాలకవర్గమే లేకపోయినా మా కేంద్రం నడిచింది. బల్బు పోతే బల్బు, కుళాయి పోతే కుళాయి మేమే మార్చుకున్నాం. తర్వాత నిర్వహణ మీ అధీనంలోకి తీసుకున్నారు. మంచిదే, పెద్దదిక్కు దొరికింది అనుకున్నాం. ఇప్పుడు మేకు కొట్టాలన్నా లిఖితపూర్వక అనుమతి కావాలి. కమోడ్ మేము కొనిస్తాం, ప్లంబరు కూలీ మేమే ఇస్తాం అని రాసి ఇచ్చాం. ప్రైవేటు వ్యక్తులు ప్రభుత్వ భవనంలో పనులు చేయరాదని జవాబు వచ్చింది. మా అర్జీలన్నిటిలో సకాలంలో జవాబు వచ్చింది దానికొక్కదానికే.

తాళం పగలగొడదామని కుర్రతనం పోని ఒకరిద్దరు అన్నారు. మా సభ్యుల్లో ఒక రిటైర్డు హెడ్ కానిస్టేబులు ఉన్నారు. ప్రభుత్వ ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం, 1984 అని ఒకటుందని, ఎనభై ఏళ్ళ వయసులో స్టేషను మెట్లు ఎక్కడం మంచిది కాదని ఆయన సర్దిచెప్పారు. స్టేషనులో మరుగుదొడ్డయినా ఉంటుంది కదా అని ఒకాయన అన్నారు గానీ, ఆ చర్చ అంతటితో ఆపేశాం.

అయ్యా, ఈ నగరానికి చేతకాక కాదు. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశం మొత్తం మీద మూడో స్థానం తెచ్చుకున్న ఊరు ఇది. ఆ రోజు మేమూ చప్పట్లు కొట్టాం. ఆషాఢ పౌర్ణమికి సింహగిరి చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు, వాళ్ళ కోసం దారి పొడవునా ఏర్పాట్లు చేస్తారు. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మందితో యోగా చేయించారు. దానికి ముందు నెలరోజులూ యోగాంధ్ర అని మా కేంద్రంలోనూ బ్యానరు కట్టారు. ఎక్కడ కట్టారంటే, ఖాళీగా ఉన్నది అదొక్కటే కాబట్టి, తాళం వేసిన ఆ గేటుకే కట్టారు. ఆరోగ్యమే మహాభాగ్యమని దాని మీద ఉంది.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఒకటో తారీఖున మాలో అర్హులకు నాలుగు వేల రూపాయల పింఛను ఇంటికే వస్తుంది. 2024 జులైలో పెంచినప్పటి నుంచి నాకు తెలిసినంతలో మా వీధిలో ఎవరూ దాని కోసం ఎవరి చుట్టూ తిరగలేదు. ఎందుకంటే ఫలానా ఇంటికి ఫలానా ఉద్యోగి అని నిర్ణయించారు. రాకపోతే ఎవరిని అడగాలో ముసలమ్మకు కూడా తెలుసు. మా కేంద్రానికి అలాంటి ఒక్క మనిషి పేరు లేదు. పర్యవేక్షించే విభాగాలు నాలుగున్నాయి, బాధ్యత పడే మనిషి ఒక్కడూ లేడు. నా బాధంతా ఇదే. ఫ్యాన్లు తిరగడం లేదు, వార్తాపత్రికలు ఆగిపోయాయి (ఆస్తి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం), ర్యాంపు పక్కన చేతికి ఊతంగా కడ్డీ లేదు. అవన్నీ ఇప్పుడు అడగను. వాటిని కూడా కలిపితే మీవాళ్ళు మళ్ళీ నాలుగు ముక్కలు చేసి నాలుగు చోట్లకు పంపుతారు.

తల్లిదండ్రులను బిడ్డలు చూడకపోతే ఆర్డీవో గారి ట్రైబ్యునల్‌కు వెళ్ళవచ్చని 2007 చట్టం చెబుతోంది. కన్నవాళ్ళను వదిలేసిన కొడుకును అక్కడ నిలబెట్టి నిలదీస్తారు. కొడుకును అడగవచ్చు, కమిషనర్ గారూ, నగరాన్ని ఎక్కడ నిలబెట్టి అడగాలి?

మీరు పిలిస్తే వస్తాం. మీరే వస్తే ఇంకా సంతోషం, కానీ ముందుగా చెప్పి రావద్దు. ముందుగా చెబితే గేటు తెరిచి ఉంటుంది, సబ్బు ఉంటుంది, తనిఖీ పుస్తకంలో మీరు కూడా సంతృప్తికరము అని రాసి వెళ్ళిపోతారు. అక్టోబరు ఒకటిన వృద్ధుల దినోత్సవానికి మమ్మల్ని బస్సులో తీసుకెళ్ళి శాలువాలు కప్పే ఆలోచన ఉంటే, దయచేసి ఈసారి మా కేంద్రాన్ని జాబితాలోంచి తీసేయండి. శాలువాలు ఇంట్లో చాలా ఉన్నాయి. బాగున్న ఆ ఒక్క గది తెరిపించండి. పగిలినదాన్ని మీరు బాగుచేయించండి, లేదా మమ్మల్ని చేయించుకోనివ్వండి. ఈ కేంద్రానికి బాధ్యుడెవరో పేరు, ఫోను నంబరు గోడ మీద రాయించండి. తాళం తీయించండి. మళ్ళీ అదే అడుగుతున్నానని విసుక్కోకండి, వేరే అడగడానికి ఏమీ లేదు.

ఈ లేఖతో పాటు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఒక దరఖాస్తు కూడా పెడుతున్నాను. మరమ్మతు పేరుతో ఆ గేటుకు తాళం వేయమని ఆదేశించిన అధికారి ఎవరు, తాళం చెవి ఎవరి కస్టడీలో ఉంది, హాలు అద్దె రూపంలో ఇప్పటివరకు వచ్చిన సొమ్ము ఎంత, అందులో ఈ భవనం మీద పెట్టిన ఖర్చు ఎంత అన్నవి ప్రశ్నలు. చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు ఎవరికి చేయాలో నాకు తెలుసు.

ఇట్లు,
వయోవృద్ధుల కేంద్రం సభ్యుల తరఫున,
ఒక విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం