మన మిద్దెతోట సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నెలనెలా విత్తనాల మార్పిడి జరిగింది. సంక్రాంతికి బంతిపూలు మన మిద్దెల మీదివే కోసుకున్నాం. విత్తనాల డబ్బాలు ఏడాదంతా భద్రపరచిన పెరంబూరు అక్కయ్యగారికి, ఎప్పుడడిగినా మిద్దె ఇచ్చి, వచ్చినవాళ్లందరికీ పులిహోర, కాఫీ పెట్టిన కొళత్తూరు దంపతులకు మనమంతా రుణపడి ఉన్నాం.

అన్నిటికన్నా గొప్పగా జరిగింది వానపాముల సభ. డిసెంబరు 1న పెట్టుకున్నది ఫెంగల్ తుపాను వల్ల 15వ తేదీకి మారింది. మూడేళ్లుగా మన కంపోస్టు తొట్టెల్లో పాములు మే నెల వచ్చేసరికి చచ్చిపోతున్నాయి. నీళ్లు సరిగా చల్లలేదని ఒకరినొకరం అనుకున్నాం, మాటలూ పెరిగాయి. అమ్మినవాళ్లు 'నాటు రకం' అంటే నమ్మి కొన్నాం మరి.

ఆ రోజు రిటైరైన జువాలజీ మాస్టారు ఒకరు తెల్ల పింగాణీ పళ్లెం తడిపి, మన తొట్టెలోని పామును అందులో వదిలారు. ఎనిమిదో తరగతి పాపకు భూతద్దం ఇచ్చి, నోటి వైపు నుంచి ఒంటి మీది ఉంగరాలు లెక్కపెట్టమన్నారు. వీటినే పుస్తకాల్లో ఖండితాలు అంటారు. పాము జారిపోతుంటే పాప రెండుసార్లు లెక్క తప్పింది. మూడోసారి పైకి లెక్కపెడుతూ, "సార్, 25 దగ్గర లావు పట్టీ మొదలైంది" అంది. ఆ పట్టీ పేరు క్లైటెల్లం. గుడ్లుండే గూడు తయారయ్యేది అక్కడే. ఎదిగిన పాము ఒంటి మీదే కనిపిస్తుంది.

ఇక్కడి నేలలో దొరికే లాంపిటో మారిటీ అనే వానపాముకు ఆ పట్టీ 14వ ఖండితం నుంచి 17 వరకు, వేలికి తొడిగిన ఉంగరంలా చుట్టూ ఉంటుంది. మన తొట్టెలోదానికి 32 దాకా సాగి, గుర్రం మీద జీనులా వీపు వైపే ఉంది. ఒంటి మీద అడ్డచారలు కూడా ఉన్నాయి. అది ఐసీనియా ఫెటిడా, యూరప్ రకం, లుంబ్రిసిడే కుటుంబం. లాంపిటోది మెగాస్కోలెసిడే కుటుంబం. చల్లటి దేశపు ప్రాణిని చెన్నై ఎండలో సిమెంటు మిద్దె మీద పెట్టి, నీళ్లు పోసినవాళ్లను తిట్టుకున్నాం. ఆ మాటలు పడ్డవాళ్లకు సంఘం తరఫున క్షమాపణ చెబుతున్నాను.

లాంపిటోను పొడి కాగితం మీద వదిలితే సన్నగా గరగర వినిపించింది. పిల్లలు చెవి ఆనించి మరీ విన్నారు. ఆ చప్పుడు శూకాలది, అంటే ఒంటి మీది సన్నటి ముళ్లలాంటి వెంట్రుకలది. లాంపిటోకు ఖండితం చుట్టూ వరసగా ఉంటాయి, ఐసీనియాకు ఖండితానికి ఎనిమిదే, జతలు జతలుగా. పళ్లు లేని ఈ ప్రాణికి కోడికున్నట్టే కందనకాయ ఉంటుందని, మింగిన ఇసుక రేణువులతో అందులో తిండి నలుగుతుందని మాస్టారు చెబితే పెద్దవాళ్లం కూడా నోరు తెరిచాం.

ఇకపై తొట్టెలకు పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ తెచ్చుకుందాం. అది ఆసియా రకమే, చెత్తలో పైపైనే బతుకుతుంది, మన వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. లాంపిటో బొరియలు చేసుకునే పాము, దాన్ని నేలలోనే ఉండనివ్వండి. తొట్టె పాముల్ని పెరట్లో పాతిపెడితే మట్టి బాగవుతుందని అనుకోకండి, చెత్త లేనిచోట వాటికి తిండి ఉండదు.

జమాఖర్చుల కాగితం విడిగా అందరికీ అందింది, సరిచూసి సంతకాలు కూడా అయ్యాయి. చందా బాకీలు మాత్రం చాలానే ఉన్నాయి.

ఒక మాట మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను. సభ పనులకు 18 మంది పేర్లు ఇచ్చారు, పొద్దున కుర్చీలు వేయడానికి వచ్చింది ఐదుగురు. ఆ ఐదుగురే సాయంత్రం గిన్నెలూ తోమారు. ఎండుటాకులు పంపిస్తామన్న ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాం, ఒక్క బస్తా రాలేదు. చివరికి పక్కవీధి కొబ్బరిబోండాల తాతగారు పీచు, మట్టలు ఇచ్చి ఆదుకున్నారు. ఆయనకు ప్రత్యేక ధన్యవాదాలు.

ఏప్రిల్ ఎండలు ముదరకముందే తొట్టెల మీద పందిరి వేయాలి. ఆదివారం పొద్దున ఆరున్నరకు నిజంగా రాగలిగినవాళ్లే పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి