అద్దె లెక్కలో కనపడని ఖర్చులు

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొని అద్దెకిస్తే నెలనెలా ఆదాయమేనంటూ మీ పేపర్లో వచ్చే ప్రకటనలు చూస్తే నవ్వొస్తోంది. అద్దెను పన్నెండుతో గుణించి లాభం అంటారు సరే, మరి ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేదాకా మెయింటెనెన్స్ ఓనరే కట్టాలి, రంగులు వేయించాలి, బ్రోకర్‌కి కమిషన్ ఇవ్వాలి, ఈఎంఐ మాత్రం ఆగదు. లిఫ్టు మార్చాలని అసోసియేషన్ తీర్మానిస్తే వాటా అడిగేది ఓనర్నే. మున్సిపల్ పన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతాన్ని ఆదాయపు పన్ను లెక్కలోంచి తీసేస్తారు గానీ, రిపేర్లకి అంతకన్నా ఎక్కువైనా అదనంగా పైసా తీసెయ్యరు. నన్నడిగితే కనీసం ఆరు నెలల ఈఎంఐ బ్యాంకులో ఉంచుకున్నాకే రెండో ఇంటి మాటెత్తాలి. అడ్వాన్సు డబ్బుని అందులో కలపొద్దు, అది తిరిగివ్వాల్సిన సొమ్ము.

– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి