ఆటల రుసుము లెక్క ఆడే పిల్లలకు తెలియాలి

సంపాదకులకు,

అయ్యా,

డిగ్రీలో చేరే విద్యార్థుల దగ్గర ఇతర రుసుములతో పాటు ఆటల రుసుము కూడా వసూలు చేస్తారు. మైదానం ముఖం చూడనివారూ దాన్ని కడతారు. గ్రంథాలయం లాగే క్రీడలు కూడా అందరి అవసరమే కనుక నాకు ఇందులో అభ్యంతరం లేదు. అయితే అలా పోగైన సొమ్ములో విశ్వవిద్యాలయ క్రీడా విభాగం ఏ ఆటకు ఎంత, ఎప్పుడు ఖర్చు పెట్టిందో తెలుసుకోవాలంటే, ఆ రుసుము కట్టినవారికి దారి దొరకడం లేదు.

మా చిన్నమ్మాయి కొన్నేళ్ల క్రితం ఒక విశ్వవిద్యాలయ ఖోఖో జట్టుకు ఎంపికై దక్షిణ మండల పోటీలకు వెళ్లింది. బయలుదేరే ముందురోజు సాయంత్రం 12 మంది ఆడపిల్లల చేత ఒక కాగితం మీద సంతకాలు చేయించారు. అందులో వరుసగా పేర్లున్నాయి, సంతకానికి గడి ఉంది, దినభత్యం ఎంతో రాయవలసిన గడి మాత్రం ఖాళీగా ఉంది. చేతికి ఎంత వచ్చిందో ఆ పిల్లలకు తెలుసు గానీ, ఆ గడిలో తరువాత ఎంత రాశారో నేటికీ తెలియదు. ఆట దుస్తులు పోటీలన్నీ ముగిశాక మార్చి నెలాఖరులో వచ్చాయి. అన్నీ ఒకే కొలతవి. మా అమ్మాయికి వచ్చిన చొక్కా మోకాళ్లు దాటింది. అది ఇంకా మా బీరువాలో కొత్తదిగానే ఉంది.

ముప్పై ఏళ్లు ఆడిట్‌లో పనిచేసినవాణ్ని కనుక, మొత్తం రాయని అక్విటెన్స్ (సొమ్ము ముట్టినట్టు ఇచ్చే రసీదు) మీద సంతకం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. అక్కడ సొమ్ము పక్కదారి పట్టిందని నేను ఆరోపించడం లేదు. పట్టలేదని నిరూపించడానికి కూడా ఎవరి దగ్గరా ఆధారం మిగలలేదన్నదే నా బాధ.

డెల్టా రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. లాకు దగ్గర ఎంత నీరు వదిలారో రిజిస్టరులో ఉంటుంది. శివారు చేనుకు ఎంత చేరిందో గట్టు మీద నిలబడ్డ రైతుకే తెలుసు. విశ్వవిద్యాలయాల జమాఖర్చులను రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది, నిజమే. కానీ తనిఖీకి వెళ్లినవారు చూసేది వోచర్లు, స్టాక్ రిజిస్టరు, అడ్వాన్సుల సర్దుబాటు మాత్రమే. బూట్లు కాలికి సరిపోయాయా, పోటీలకు ముందే అందాయా అన్నది ఏ వోచరూ చెప్పదు. మార్చి 31లోగా ఖర్చు చేయకపోతే నిధులు మురిగిపోతాయన్న భయంతో చివరి వారాల్లో చేసే కొనుగోళ్లు కాగితం మీద నిక్షేపంగా ఉంటాయి. శీతాకాలంలో ఆడిన పిల్లలకు మాత్రం అవి అక్కరకు రావు.

అమలాపురం కుర్రవాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2022 కామన్వెల్త్ క్రీడల్లో బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్ స్వర్ణం గెలిచినప్పుడు కోనసీమ అంతా పొంగిపోయాం. అకాడమీల దాకా వెళ్లే స్తోమత లేని కూలీల పిల్లలకు, కౌలురైతుల పిల్లలకు విశ్వవిద్యాలయ జట్టే పెద్ద మెట్టు. వారి దినభత్యంలో కోసిన ప్రతి రూపాయీ వారి తిండిలో కోసినదే.

సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ బడ్జెట్ కేటాయింపులను, ప్రతిపాదిత ఖర్చులను, చెల్లింపుల నివేదికలను ఎవరూ అడగకముందే వెల్లడించాలి. పది రూపాయల దరఖాస్తు పెట్టి 30 రోజులు ఎదురుచూసే అవస్థ విద్యార్థులకు ఎందుకు? ఆటల రుసుమును విడి ఖాతాలో ఉంచి, జట్టువారీగా ప్రయాణం, భోజనం, దుస్తులు, శిక్షణ ఖర్చులను ప్రతి పోటీ ముగిసిన నెలలోగా కళాశాలల నోటీసు బోర్డుల్లో పెట్టాలని, దినభత్యాన్ని నేరుగా క్రీడాకారుల బ్యాంకు ఖాతాల్లో జమ చేయాలని కోరుతున్నాను. సరుకు అందినట్టు స్టోరు గుమస్తాతో పాటు జట్టు కెప్టెన్ కూడా సంతకం చేసిన తరువాతే బిల్లు చెల్లించాలి. పాత ఆడిట్ అభ్యంతరాలకు సమాధానం ఇవ్వకుండా క్రీడా విభాగం కొత్త బడ్జెట్‌ను పాలక మండలి ఆమోదించకూడదు.

వీటిలో కొన్నింటికి సమయం పడుతుందని నాకు తెలుసు. మొత్తం రాయని కాగితం మీద ఏ విద్యార్థి చేతా సంతకం చేయించరాదన్న ఉత్తర్వును మాత్రం రిజిస్ట్రార్లు ఈ ఏడాది జట్లు బయలుదేరకముందే ఇవ్వవచ్చు.

భవదీయుడు,
విశ్రాంత ఆడిట్ ఉద్యోగి,
కొత్తపేట, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా