కొటేషన్‌లో కొత్తగా కరెంటు కనెక్షన్ లైను ఎందుకొచ్చిందంటే

ఈ నెల మా ఏసీ కొటేషన్ చూసిన ముగ్గురు నలుగురు ఫోన్ చేసి అడిగారు, "ఏంటండీ, కరెంటు కనెక్షన్‌కి విడిగా వేశారు, ఇంతకుముందు లేదు కదా" అని. నిజమే, లేదు. ఏసీ యూనిట్ బిగించి, పైపులు వేసి, గ్యాస్ చూసి, "కేబుల్ మీ ఎలక్ట్రీషియన్‌తో లాగించేయండి, మేం వచ్చి స్టార్ట్ చేస్తాం" అని విశాఖ వచ్చేసేవాళ్లం. మీకు చవక, మాకు సుఖం. డిసెంబరులో అరకులో జరిగిందాంతో ఆ పద్ధతి మానేశాం. తప్పు మాదే కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

అక్కడ ఒక రిసార్టు డైనింగ్ హాలుకి 8.5 టన్నుల హాట్ అండ్ కోల్డ్ డక్టబుల్ పెట్టాం, అంటే కంప్రెసర్‌తోనే చల్లగాలీ, వేడిగాలీ ఇచ్చి డక్టుల (గాలి గొట్టాల) ద్వారా హాలంతా పంపే ఏసీ. వైజాగ్‌లో వేడిగాలి కావాలని ఎవరూ అడగరు గానీ అరకులో చలికాలం తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి. అందుకే డక్టులో 12 కిలోవాట్ల హీటర్ కూడా వేశాం. పని అక్టోబరులో అయింది. కూలింగ్‌లో నడిపి క్లాంప్ మీటర్ (వైరులో కరెంటు కొలిచేది) పెడితే ఫేజుకి 17 ఆంపియర్లు. కంప్రెసర్ ఆపి హీటర్ ఒక్కటే వేస్తే అదీ 17కి కాస్త తక్కువ. రెండూ బాగానే ఉన్నాయనుకున్నాం. ఒకేసారి రెండూ వేసి చూడాలని ఎవరికీ తట్టలేదు, నాకు కూడా. పైగా వాళ్ల ఎలక్ట్రీషియన్‌కి నేను కాగితం మీద రాసిచ్చింది "లోడ్ 17 ఆంప్స్" అని మాత్రమే. ఆయన దాన్ని నమ్మి 4 స్క్వేర్ ఎంఎం కేబుల్, 25 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ మించితే దానంతటదే పడిపోయే స్విచ్) వేశాడు. ఆయన్ని అనడానికేమీ లేదు.

డిసెంబరులో చలి ముదిరాక కంప్రెసర్ ఒక్కటే సరిపోక హీటర్ కూడా కలిసింది, ఫేజుకి 32, 33 ఆంపియర్లు. అరగంటో ముప్పావుగంటో నడవడం, ఎంసీబీ ట్రిప్ అవడం. పొద్దున్నే మేనేజర్ గారు ఫోన్ చేస్తే నేను నిద్రమత్తులో, "ఎంసీబీ వీక్ అయ్యుంటుందండీ, 40ది వేయించేయండి" అనేశాను. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడు అనాల్సిన మాటేనా అది! ఎంసీబీ ఉండేది కేబుల్ కాలిపోకుండా. అదే కేబుల్ ఉంచి ఎంసీబీ పెద్దది చేస్తే కాపలావాడిని మనమే ఇంటికి పంపించేసినట్టు. నాలుగో రోజు హాల్లో కాలిన వాసన వచ్చింది. మేం ఘాట్ ఎక్కి వెళ్లి ఐసొలేటర్ (యూనిట్‌కి కరెంటు తీసేసే మెయిన్ స్విచ్) మూత తీస్తే బ్లూ ఫేజ్ వైరు ఇన్సులేషన్ బొగ్గులా నల్లబడి, లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు తొడుగు) వేలితో కదిపితే ఊడొచ్చింది. క్రింపింగ్ టూల్‌తో కాకుండా ప్లయర్‌తో నొక్కిన లగ్గు అది, లోపల సగం తీగలకి పట్టే లేదు. ఒక ఫేజ్ పోగానే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఆపేసింది కాబట్టి కంప్రెసర్ దక్కింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, అంతే చాలు. 10 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్, కొత్త ఐసొలేటర్ మా ఖర్చుతోనే వేసి వచ్చాం.

ఇక కొటేషన్‌లోని ఆ కొత్త లైనులో ఏముంటుందంటే, కేబుల్, టూల్‌తో నొక్కిన లగ్గులు, త్రీ ఫేజ్ కాబట్టి విడివిడిగా రెండు ఎర్తింగులు. అల్యూమినియం కేబుల్ ముందే లాగేసి ఉంటే బైమెటల్ లగ్గులు (ఒకవైపు రాగి, ఇంకోవైపు అల్యూమినియం ఉండేవి), ఎందుకంటే రాగి టెర్మినల్‌కి అల్యూమినియం నేరుగా బిగిస్తే ఆ జాయింటు కొన్నాళ్లకి వేడెక్కడం ఖాయం, అందులోనూ మన బీచ్ రోడ్డు వైపు ఉప్పుగాలికి రాగి కూడా పచ్చగా చిలుము పడుతుంది. అన్నీ అయ్యాక కంప్రెసర్, హీటర్, బ్లోయర్ కలిపి గంటసేపు నడిపి, మూడు ఫేజుల ఆంపియర్లూ తేదీతో సహా ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తో రాసి వెళ్తాం. మీ ఎలక్ట్రీషియనే చేయాలంటే అభ్యంతరం లేదు, కానీ పూర్తి లోడ్ నేను రాసిస్తాను, కనెక్షన్ నేను చూశాకే స్టార్టింగ్. మీటరుకి శాంక్షన్ లోడ్ (కరెంటాఫీసు మంజూరు చేసిన లోడ్) ఎంతుందో కూడా ముందే చూసుకోండి, ఇలాంటి యూనిట్ హీటర్‌తో కలిపి 22 కిలోవాట్ల దాకా లాగుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి. మీ వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన మర్నాడు ఏసీ అవుట్‌డోర్ యూనిట్ గరగరమంటూ, చల్లదనం రాకపోతే గ్యాస్ పోయిందని ఎవరికీ డబ్బులివ్వకండి, ముందు ఆపేయండి. ఫేజులు తారుమారై స్క్రోల్ కంప్రెసర్ వెనక్కి తిరుగుతుండొచ్చు. అదే అయితే రెండు వైర్లు అటూఇటూ మారిస్తే సరిపోతుంది, పది నిమిషాల పని. (మాకు ఫోన్ చేయండి, మీరు మాత్రం మార్చకండి.)

ఇంతకుముందు మేం హీటర్‌తో పెట్టినవి అరకుది కాక ఇంకో నాలుగున్నాయి. రెండు చూసేశాం, ఒకటి బాగుంది, రెండోదానికి కేబుల్ మార్చాలి, ఆ ఖర్చు మాదే. మిగిలినవి పాడేరులో ఒకటి, అనంతగిరిలో ఒకటి. ఆదివారంలోపు వస్తాం, అప్పటిదాకా దయచేసి హీటర్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంచండి, చలేసినా సరే.