సబ్‌డొమైన్లలో స్క్రిప్టు దారి: శిక్షణలో నేర్పని పాఠం

సంపాదకులకు నమస్కారములు.

అమీర్‌పేటలో వెబ్‌సైట్లు తయారుచేసే పీహెచ్‌పీ భాష నేర్చుకుని మాదాపూర్‌లోని మా చిన్న కార్యాలయంలో చేరే యువతీయువకులకు ఒకే పాఠాన్ని ప్రతిసారీ మొదటినుంచి చెప్పవలసి వస్తున్నందున ఈ లేఖ రాస్తున్నాను. శిక్షణలో వారు సొంత కంప్యూటర్‌లో, ఒకే ఫోల్డరులో సైటు నడుపుతారు. ఉద్యోగంలో మాత్రం ఒకే సర్వరుపై అనేక సబ్‌డొమైన్లు (ప్రధాన చిరునామాకు ముందు మరో పేరు చేర్చిన ఉప చిరునామాలు), వాటికి వచ్చే అభ్యర్థనల చిరునామాను సర్వరు లోపలే మార్చే రీరైట్ నియమాలు ఎదురవుతాయి.

ఒక విద్యాసంస్థకు కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ శాఖల పేర్లతో వేర్వేరు సబ్‌డొమైన్లు పెట్టి, వాటికి వచ్చే అభ్యర్థనలను అపాచీ అనే వెబ్ సర్వరులోని మాడ్ రీరైట్ ద్వారా ఆయా శాఖల ఫోల్డర్లలోకి మళ్లించాము. బ్రౌజరు చిరునామాలో ఫోల్డరు పేరు కనిపించదు, కానీ నడిచే స్క్రిప్టు ఆ ఫోల్డరులోనే ఉంటుంది. కొత్తగా చేరిన అబ్బాయి, తనకు నేర్పినట్టే, ఫీజు ఫారం వెళ్లవలసిన చిరునామాను నడుస్తున్న స్క్రిప్టు దారిని చెప్పే పీహెచ్‌పీ సెల్ఫ్ అనే చరరాశి నుంచి తీసుకున్నాడు. అందులో లోపలి ఫోల్డరు పేరు కూడా ఉండటంతో, ఫారం పంపగానే రీరైట్ నియమం అదే పేరును మరోసారి ముందు చేర్చింది. ఫీజు కట్టబోయిన తల్లిదండ్రులకు ‘పేజీ దొరకలేదు’ అనే 404 లోపం కనిపించింది. ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. సందర్శకుడు అడిగిన చిరునామా రిక్వెస్ట్ యూఆర్ఐ అనే చరరాశిలో, నడుస్తున్న స్క్రిప్టు దారి స్క్రిప్ట్ నేమ్ అనే చరరాశిలో ఉంటాయని అతనికి ఎవరూ చెప్పలేదు. పైగా చిరునామా చివర ఎవరైనా తగిలించిన భాగం కూడా పీహెచ్‌పీ సెల్ఫ్‌లోకి వస్తుంది కనుక, దాన్ని శుద్ధి చేయకుండా పేజీలో ముద్రిస్తే హానికర స్క్రిప్టు చొరబడే ప్రమాదం ఉంది.

ఒక స్క్రిప్టులోకి వేరే ఫైళ్లను చేర్చుకునే చోట, సైటు మూల ఫోల్డరును చూపే డాక్యుమెంట్ రూట్‌ను నమ్ముకోవడం కూడా ఇలాంటిదే. సబ్‌డొమైన్‌ను బట్టి అది మారవచ్చు. 2009లో వచ్చిన పీహెచ్‌పీ 5.3 నుంచి ‘డిర్’ అనే స్థిరాంకం అందుబాటులో ఉంది. అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లతో రాసే ఆ స్థిరాంకం, అది ఉన్న ఫైలు ఏ ఫోల్డరులో ఉందో చెబుతుంది. ఏ సబ్‌డొమైన్ నుంచి పిలిచినా ఆ జవాబు మారదు. ఇక శాఖను గుర్తించడానికి వాడే హోస్టు పేరు (చిరునామాలోని సైటు పేరు) సందర్శకుని వైపు నుంచి వచ్చేది కాబట్టి, మన దగ్గరున్న జాబితాతో సరిపోల్చిన తరువాతే వాడాలి.

సైటు పేరు ఏ కంప్యూటరుకు చెందిందో చెప్పే హోస్ట్స్ ఫైలులో రెండు పేర్లు, అపాచీలో ఒక వర్చువల్ హోస్టు (ఒకే సర్వరుపై పేరును బట్టి సైటును నడిపే అమరిక) చేర్చితే సబ్‌డొమైన్ల పరిస్థితిని విద్యార్థి సొంత కంప్యూటర్‌లోనే కల్పించవచ్చు. కోర్సులో ఒక్క పూట దీనికి కేటాయించవలసిందిగా నగరంలోని శిక్షణ సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక వెబ్ డెవలపర్,
మాదాపూర్, హైదరాబాద్.