ఈ చలికాలం ఇండియా వెళ్తున్న మా కస్టమర్లకి

అందరికీ నమస్కారం.

డిసెంబర్ దగ్గరపడింది. మన డాలస్ కస్టమర్లలో పద్నాలుగు కుటుంబాలు ఇప్పటికే టికెట్లు తీసుకుని "మేం లేనప్పుడు ఇల్లు చూస్తారు కదా" అని అడిగారు. చూస్తాం. కానీ మీ దగ్గర డబ్బు తీసుకునే ముందు, పోయిన జనవరిలో నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఈ సంగతి మీకు ఇంకొకరి నోట తెలియడం నాకిష్టం లేదు.

ఫ్రిస్కోలో ఒక ఇల్లు. వాళ్ళు చెల్లెలి పెళ్ళికని గుంటూరు వెళ్ళారు. చలి ముదురుతుందని ముందురోజే వెళ్ళి బయటి కుళాయిలకి ఫోమ్ కవర్లు తొడిగాను. వంటింటి కుళాయి సన్నగా కారేలా వదిలి, ఫోటోలు తీసి పంపాను. ఇంట్లో వేడి ఎంతుండాలో పెట్టే థర్మోస్టాట్ వైపు కన్నెత్తి చూడలేదు. గ్యాసు బిల్లు తగ్గుతుందని వాళ్ళు దాన్ని 50 ఫారెన్‌హీట్‌కి దించి వెళ్ళారు. మూడో రోజు పొద్దున్నే పక్కింటాయన ఫోన్ చేశారు. గరాజ్ తలుపు కిందనుంచి నీళ్ళొచ్చి డ్రైవ్‌వే అంతా అద్దంలా గడ్డకట్టిందట.

వెళ్ళేసరికి గరాజ్ సీలింగ్ నానిన అప్పడంలా వేలాడుతోంది. సరిగ్గా దాని కిందే బొమ్మలకొలువు అట్టపెట్టెలు. కొండపల్లి అంబారీ ఏనుగుని బయటికి తీస్తే దాని ఎరుపు నా గ్లవ్‌కి అంటుకుంది. వాళ్ళ ఇన్సూరెన్స్ డిడక్టబుల్, అంటే నష్టంలో వాళ్ళ చేతినుంచి పెట్టుకోవాల్సిన వాటా, నేనే కట్టాను. ఆ ఏనుగుని మాత్రం తెచ్చివ్వలేకపోయాను.

పగిలింది గరాజ్ పైన ఉన్న బాత్రూమ్ పైపు. దానిమీద బెత్తెడు చీలిక. ఐసు కట్టింది మాత్రం అక్కడ కాదు, నాలుగడుగుల అవతల, బయటి గోడ మూల దగ్గర. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఆ గడ్డ తన ముందున్న నీళ్ళని మూసిన కుళాయి వైపు నెడుతుంది. పోయే దారిలేక ఒత్తిడి పెరిగి, పైపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. కుళాయి కారనివ్వమనేది ముఖ్యంగా ఆ ఒత్తిడి బయటికి పోవడానికే. నేను వంటింట్లో కారనిచ్చాను, దానివల్ల పై బాత్రూమ్ లైనుకి ఒరిగిందేమీ లేదు. కారనిస్తే చలి తగిలే ప్రతి లైన్లోనూ, వేడీ చల్లా రెండూ కారనివ్వాలి.

మన ఊళ్ళో ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాలిపోవడమే చూశాం, పైపులో ఐసు అంటే మనకి వింతే. ఇక్కడి ఇళ్ళు కూడా ఎండని దృష్టిలో పెట్టుకుని కట్టినవే. కింద కాంక్రీట్ స్లాబు, చాలా ఇళ్ళలో పైపులు ఆటిక్‌లో, అంటే పైకప్పు కింది ఖాళీలో. బయట 20 ఫారెన్‌హీట్ కంటే దిగితే వాటికి గండం. 2021 ఫిబ్రవరి 16న మన డాలస్ డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్ పడింది, కరెంటూ పోయింది. ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్ళు కాచే ట్యాంక్‌లెస్ హీటర్ గడ్డకట్టకుండా కాపాడే ఏర్పాటు నడిచేది కరెంటుతోనే, అందుకని చాలామందికి ముందు అదే పోయింది.

ఇక ఈసారి మార్పులు. ఫోమ్ కవర్లు తొడగడానికి మా మనిషిని పంపించం. నాలుగైదు డాలర్ల కవర్ అది, కుళాయికున్న హోస్ ఊడదీసి మీరే తొడుక్కోండి. హోస్ ఊడదీయకుండా కవర్ తొడిగితే దండగ.

ఇల్లు ఖాళీగా ఉంటే కుళాయి కారనివ్వడం కూడా మానేశాం. మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలన్నీ తిప్పి లైన్లు ఖాళీ చేసి, వాటర్ హీటర్ వెకేషన్ మోడ్‌లో పెట్టి వస్తాం. స్ప్రింక్లర్ వాల్వ్ కూడా కట్టేస్తాం. థర్మోస్టాట్ 55 కంటే దించితే ఆ ఇంటి బాధ్యత మాది కాదు, ఇది మొహమాటం లేకుండా చెప్తున్నాను. నీళ్ళు గడ్డకట్టే చలి పడే ఒక రోజున పన్నెండు ఇళ్ళకి మించి ఒప్పుకోం, ఉన్నవి రెండు వ్యాన్లే. పైపు పగిలితే అతికేది లైసెన్స్ ఉన్న ప్లంబరే, నేను కాదు. ఆయన బిల్లు వేరే.

ఊళ్ళోనే ఉండేవాళ్ళు బయటి గోడ వైపున్న సింకుల కింద అల్మరా తలుపులు రాత్రంతా తెరిచి ఉంచండి. కుళాయి తిప్పితే చుక్క రాకపోతే దాన్ని అలాగే తెరిచి ఉంచి, హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి దగ్గర్నుంచి వెనక్కి వెచ్చబెట్టుకుంటూ వెళ్ళండి. మంట మాత్రం పెట్టొద్దు.

మీ ఇంటి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో తెలియకపోతే నవంబర్ శనివారాల్లో వచ్చి చూపిస్తాను. పావుగంట పని, డబ్బులొద్దు. కట్టేయడం మీ చేత్తోనే ఒకసారి చేయిస్తాను. నేను రాకముందే మీటర్ బాక్స్ మూత తీయాలనిపిస్తే స్క్రూడ్రైవర్‌తో లేపండి, వేళ్ళు పెట్టకండి. లోపల ఎర్రచీమలుంటాయి. డిసెంబర్ 10 లోపు ఫ్లైట్ ఉన్నవాళ్ళు ముందుగా మెసేజ్ పెట్టండి.